ఇరవై, పదిహేను, పది

మార్చి 14, 2011. సోమవారం

ఇవాళ్టి నుంచి ఇరవై.

డాక్టర్ కాలిన్స్ ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. తేదీ, ప్రెడ్నిసోన్ ఎన్ని మిల్లీగ్రాములు, దద్దుర్లు ఎక్కడ, ఎంతసేపు. ఇరవై ఒక వారం, పదిహేను రెండు వారాలు, పది మూడు వారాలు, ఆ తర్వాత ఐదు, ఆ తర్వాత ఏమీ లేదు. మెట్లు దిగినట్టు దిగాలి, దూకకూడదు అన్నాడాయన. స్టెరాయిడ్‌కి అలవాటైన ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే తట్టుకోదట. కాగితంలో గళ్ళు మరీ చిన్నవి. వాటిలో పట్టనివి ఇక్కడ రాసుకుంటాను.

జనవరిలో ఒక ఆదివారం మోచేతి మీద రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది. సాయంత్రానికి వీపంతా. ఎందుకొచ్చాయో ఏ రక్తపరీక్షలోనూ తేలలేదు. "చాలామందిలో కారణం దొరకదు" అన్నాడు డాక్టర్, మంచివార్త చెబుతున్నట్టు. ఫిబ్రవరిలో నలభై మొదలుపెట్టిన మర్నాటికి చేత్తో తుడిచినట్టు పోయాయి. బదులుగా మొహం పూరీలా పొంగింది. ఆకలి. నిద్ర సరిగా లేదు. పోనీలే, దురద లేదు కదా.

మూడు క్లాసులు చెప్పాను. పదేళ్ళుగా మోరిస్‌విల్, క్యారీల్లో ఎంతమంది మన తెలుగువాళ్ళకి పక్క సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పానో. ఇన్నేళ్ళలో ఒక్క గీత కూడా పడలేదు కారుకి.

మార్చి 17

ఇరవై. ఏమీ లేదు. చేతులు చూసుకుని చూసుకుని నాకే నవ్వొచ్చింది.

మార్చి 22, మంగళవారం

పదిహేను, రెండో రోజు. మెడ మీద రెండు. వచ్చాయి, పోయాయి.

కొత్త స్టూడెంట్ దమయంతి గారు. యాభై ఎనిమిదేళ్ళు. తెనాలి పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడ కూతురు విద్య దగ్గర ఉంటున్నారు. భర్త రామమోహన్ గారికి వారానికి మూడు రోజులు డయాలిసిస్. ఇన్నాళ్ళూ విద్యే ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తూ ఆయన్ని దింపి, మళ్ళీ మధ్యలో వచ్చి తీసుకొస్తోంది. జూన్ ఒకటి నుంచి ఇక కుదరదని మేనేజర్ చెప్పేశాడట.

"పేషెంట్లని తిప్పే వ్యాను ఉందిగా అంటారమ్మా అందరూ. ఆ వ్యాను వాడు మొన్న రెండు గంటలు లేటు. ఈయన చలిలో బెంచీ మీద కూర్చున్నారు. డయాలిసిస్ అయ్యాక మనిషి పిండేసిన బట్టలా ఉంటారు. నాకు హైవేలొద్దు, ఏమొద్దు. ఇంటి నుంచి ఆ సెంటర్‌కి, సెంటర్ నుంచి ఇంటికి. నాలుగు మైళ్ళు. అంతవరకు నేర్పు, చాలు."

"నాలుగు మైళ్ళు వస్తే నలభై మైళ్ళూ వస్తుందండీ."

"నలభై నాకెందుకమ్మా?"

సైకిల్ కూడా తొక్కలేదట ఎప్పుడూ. కానీ చెప్పింది చెప్పినట్టు వింటారు. నన్ను టీచరమ్మా అంటున్నారు. పదిహేనేళ్ళు చిన్నదాన్ని, గిరిజ అనండి అంటే, "సంతకం పెట్టేచోట గిరిజ, కార్లో మాత్రం టీచరమ్మే" అన్నారు.

మార్చి 30, బుధవారం

పైన్ చెట్ల పుప్పొడి మొదలైంది. కార్లన్నీ పసుపు రాసినట్టున్నాయి. కనిపించినవాళ్ళందరూ నా చేతులు చూసి "పోలెన్ అండీ, పోలెన్" అంటున్నారు. జనవరిలో పోలెన్ ఎక్కడిది?

అమ్మ ఫోన్ చేసింది.

"గోంగూర తిన్నావా?"

"లేదమ్మా."

"వంకాయ?"

"లేదమ్మా. పది రోజులుగా అన్నం, పెరుగు, అంతే."

"అయితే పెరుగే. పైత్యం చేసింది. గొంగళి కప్పుకుని పడుకో."

మోరిస్‌విల్‌లో గొంగళి ఎక్కడ తేను. సరే అన్నాను.

ఏప్రిల్ 5, మంగళవారం

పది, రెండో రోజు.

క్లాసు అయ్యాక సీటు బెల్టు తీశాను. భుజం నుంచి నడుము దాకా సరిగ్గా బెల్టు వెడల్పున ఎర్రటి పట్టీ లేచింది. హ్యాండ్‌బ్యాగు తగిలించుకున్న మోచేతి మడతలో ఒకటి. లంగా బొందు ఉన్నంతమేరా నడుము చుట్టూ ఒకటి. ఏది తాకితే అక్కడ. గోకితే గోరు వెంట గీత లేస్తోంది, పలక మీద రాసినట్టు.

మా ఆయన రఘు చూసి "ఎవరో వాత పెట్టినట్టుంది" అన్నాడు. ఐస్ తెచ్చి పెట్టాడు. పాపం, సబ్బు మార్చాడు, బట్టల పౌడర్ మార్చాడు, దిండు గలీబులు రెండుసార్లు ఉతికాడు. అంతా చేసి చివరికి "స్ట్రెస్ తగ్గించుకో గిరీ" అన్నాడు. ఐస్ ప్యాకెట్ తన మీదికి విసిరాను. తగల్లేదు. తగలాలనే విసిరాను.

ఏప్రిల్ 6

పది. అరికాళ్ళు. అరికాలి దురద అంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. చెప్పులు లేకుండా గరాజ్ సిమెంటు నేల మీద అరగంట నిలబడ్డాను. చల్లగా ఉంటుందని.

ఏప్రిల్ 8, శుక్రవారం

పది. వీపు, తొడలు, చెవుల వెనక. డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే నర్సు "తగ్గించేటప్పుడు కొంచెం వస్తాయి, ఓర్చుకోండి, రాత్రిపూట వేసుకునే దురద మాత్ర వేసుకోండి" అంది. అది వేసుకుంటే తెల్లారి పదింటిదాకా తల బరువు. ఎనిమిదింటికి నాకు క్లాసు.

తువ్వాళ్ళ వెనక ఫిబ్రవరి నాటి డబ్బా ఉంది. అప్పట్లో మోతాదు మార్చినప్పుడు మిగిలిపోయినవి. పది మిల్లీగ్రాముల బిళ్ళలు, ఇరవై. ఉన్నాయని రాస్తున్నాను, అంతే.

ఏప్రిల్ 11

పది. ఒళ్ళు నెమ్మదించింది. అలవాటు పడుతోందేమో.

ఏప్రిల్ 13

కాగితంలో పది అని రాశాను. పది వేసుకున్న మాట నిజమే. ఇంకో పది కూడా వేసుకున్నాను. దానికి కాగితంలో గడి లేదు.

ఏప్రిల్ 19, మంగళవారం

దమయంతి గారికి కుడి మలుపులు వచ్చేశాయి. పార్కింగ్ వచ్చింది. ఎడమ మలుపు దగ్గరే భయం. పచ్చ లైటు పడుతుంది కానీ ఎదుటి నుంచి వచ్చేవాళ్ళందరూ వెళ్ళేదాకా ఆగాలి, సందు చూసుకుని తిరగాలి. ఆవిడ సందు దొరికినా తిరగరు.

"ఆ సందు చాలదమ్మా."

"లారీ పట్టేంత సందండీ అది."

"లారీవాడికి ధైర్యం ఉంటుంది."

మూడుసార్లు నేనే "ఇప్పుడు" అన్నాను. ఇప్పుడు అన్నాక మాత్రం చక్కగా తిరుగుతున్నారు.

దింపేటప్పుడు "ఇవాళ నీ మొహం తేటగా ఉంది. తగ్గిందా?" అన్నారు.

తగ్గిందన్నాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 24, ఆదివారం

అనిక కాళ్ళు ఊపుకుంటూ కిచెన్ కౌంటర్ మీద కూర్చుని ఫ్రిజ్ మీది కాగితం చదివింది. పదమూడేళ్ళకే దాని కళ్ళు మరీ పదును.

"అమ్మా, నువ్వు ఎవ్రీ డే దద్దుర్లు 'నన్' అని రాసావ్. బట్ యూ ఆర్ స్క్రాచింగ్ రైట్ నౌ."

"అది ఊరికే దురద."

"వాట్స్ ద డిఫరెన్స్?"

పప్పు మాడుతోందని అటు తిరిగాను. మాడట్లేదు.

ఏప్రిల్ 26

కాగితం ప్రకారం ఐదు, రెండో రోజు. డబ్బాలో మూడు మిగిలాయి. రోజు విడిచి రోజు వేసుకుంటే ఐదారు రోజులు వస్తాయి. ఈలోగా ఒళ్ళే సర్దుకుంటుంది. సర్దుకోవాలి.

మే 2, సోమవారం

డబ్బా ఖాళీ. ఐదు, అంతే. నిజంగా ఐదు.

మే 3, మంగళవారం

ఇది రాయాలి.

పొద్దున లేచేసరికి కుడి రెప్ప తెరుచుకోలేదు. పై పెదవి ఒకవైపు ఉబ్బింది. కడుపు మీద దద్దుర్లన్నీ కలిసిపోయి ఒకటే మ్యాపులా ఉంది. ఉదయం క్లాసులు రెండూ క్యాన్సిల్ చేశాను. రఘు ఆఫీసుకి, అనిక స్కూలుకి వెళ్ళిపోయారు. టబ్‌లో చల్లనీళ్ళు నింపి కూర్చున్నాను. బయటికొచ్చిన ఐదు నిమిషాలకి మళ్ళీ. దువ్వెనతో గోక్కున్నాను. తర్వాత గరిటెతో. మోకాలి కింద రక్తం వచ్చింది, ఆ మంటే హాయిగా ఉంది.

పన్నెండింటికి రాత్రిపూట మాత్ర వేసుకున్నాను. డబ్బా మీద కళ్ళు మూసిన మనిషి బొమ్మ, వేసుకుని డ్రైవ్ చేయవద్దని. ఎలాగూ క్లాసుల్లేవు కదా అనుకున్నాను.

ఒకటిన్నరకి దమయంతి గారి ఫోన్.

"టీచరమ్మా, రోడ్ టెస్టు ఎల్లుండికి దొరికింది! ఎవరో మానుకున్నారట. ఒక్క గంట రాగలవా? ఆ ఎడమ తిరగడం ఒక్కటీ..."

రాలేనని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ నేనేం డ్రైవ్ చేయను కదా, పక్క సీట్లో కూర్చుంటాను, అంతే అనుకున్నాను. వాళ్ళింటికి ఒక్క మైలు. ఆ మైలు నేనే డ్రైవ్ చేశాను. అదీ రాయాలి.

ఆవిడ నా కన్ను చూసి "అయ్యో, ఇంత ఉంటే ఎందుకొచ్చావమ్మా" అన్నారు. ఏం పర్లేదన్నాను. కారు వీధి దాటింది. మొదటి స్టాప్ సైన్ గుర్తుంది. "అద్దం చూసుకోండి" అన్నది గుర్తుంది. ఎండ ఒళ్ళో పడుతోంది.

కళ్ళు తెరిస్తే కారు ఆగి ఉంది. ఇంజిన్ ఆపేసి ఉంది. నాలుగు అద్దాలూ కొద్దికొద్దిగా దించి ఉన్నాయి. ఎదురుగా వాళ్ళ గరాజ్ తలుపు. దమయంతి గారు స్టీరింగ్ ముందు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. టైము మూడుంపావు.

"ఎక్కడ... ఎంతసేపయింది?"

"ఇంటికొచ్చి అరగంటయింది."

"నేను నిద్రపోయానా?"

"రైలు గేటు దాటగానే తల వాల్చేశావు. మూడుసార్లు పిలిచాను. పలకలేదు."

"తట్టి లేపాల్సింది కదండీ!"

"చెయ్యి స్టీరింగ్ మీంచి తీస్తే కదమ్మా తట్టేది?"

గొంతులో ఏమీ లేదు, కోపం కూడా. అప్పుడు చూశాను, ఆవిడ చేతులు ఒళ్ళో ఊరికే లేవు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"పక్కకి తీసి ఆపాల్సింది."

"నాలుగు లైన్ల రోడ్డు. పక్కకి ఎలా వెళ్ళాలో నువ్వింకా నేర్పలేదు. ఇంటి దారొక్కటే తెలుసు. ఆ ఎడమ మలుపు వచ్చింది. ఎదురొచ్చే వాళ్ళందర్నీ పోనిచ్చాను. వెనకవాడు హారన్ కొట్టాడు. కొట్టుకోనీ అనుకున్నా. లైటు మారిపోతోంది, ఇప్పుడు అనేవాళ్ళు లేరు. నేనే అనుకున్నాను, ఇప్పుడు అని."

క్షమించండి అన్నాను. మళ్ళీ అన్నాను. ఏడుపొచ్చింది. ఉబ్బిన కంట్లోంచి నీళ్ళు కూడా సరిగ్గా రాలేదు.

"విద్యకి చెప్పను" అన్నారు. "భయపడి మాన్పించేస్తుంది. కానీ నువ్వు మాత్రం మీ డాక్టరుకి చెప్పు. మా ఆయన కూడా ఇంతే, నీళ్ళు ఎన్ని తాగారంటే ఒక గ్లాసు తక్కువే చెబుతారు నర్సుకి. అక్కడ తక్కువ చెప్పింది కాళ్ళ వాపులో ఎక్కువై కనిపిస్తుంది."

కారు అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను. ఒక్క మైలే.

మే 4

అన్నిటికీ కారణం ఆ మాత్ర. అది మనిషిని అలా పడేస్తుందని నర్సు గట్టిగా చెప్పాల్సింది.

చెప్పింది. డబ్బా మీద బొమ్మ కూడా ఉంది.

మే 5, గురువారం

దమయంతి గారు టెస్టు తప్పారు. విద్య కార్లో వెళ్ళారట. ఎడమ మలుపులు రెండూ బాగా చేశారట.

"స్టాప్ సైన్ దగ్గర కారు పూర్తిగా ఆగలేదట టీచరమ్మా. ఆగిందనే అనుకున్నాను. మళ్ళీ జూన్ ఎనిమిదికి ఇచ్చారు."

జూన్ ఒకటి నుంచి ఎనిమిది దాకా వ్యానే.

కారు పూర్తిగా ఆగిందో లేదో పక్క సీట్లో ఉన్నవాళ్ళకి ఒంటికి తెలుస్తుంది. మంగళవారం ఎన్ని స్టాప్ సైన్లు దాటామో నాకు తెలియదు.

మే 9, సోమవారం

రఘు సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. డాక్టర్ కాలిన్స్ నా వీపు చూసి, కాగితం చూసి, మళ్ళీ వీపు చూశాడు. "ఈ కాగితంలో ఉన్న మనిషి, ఈ కుర్చీలో ఉన్న మనిషి ఒక్కరిలా లేరు" అన్నాడు.

చెప్పాను. తువ్వాళ్ళ వెనక డబ్బా, ఇరవై బిళ్ళలు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా. రఘు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టర్ తిట్టలేదు. "అయితే మీరు పదిలో నిలిచింది నాలుగైదు రోజులే. మళ్ళీ ఇరవైకి ఎక్కి, అక్కడి నుంచి దాదాపు ఒక్కసారే ఐదుకి దూకారు" అన్నాడు. మళ్ళీ ఇరవై నుంచి మొదలు, ఈసారి వారానికొక మెట్టు. స్టెరాయిడ్ ఎక్కువకాలం ఉంటే ఎముకలకి, కళ్ళకి మంచిది కాదు కాబట్టి ఏమైనా సరే మానాల్సిందే. మానాక దద్దుర్లు వస్తే? అని అడిగాను.

"రావచ్చు."

"ఎన్నాళ్ళు?"

"కొందరికి ఆరు నెలలు. కొందరికి ఐదేళ్ళు. అవంతట అవే పోతాయి. ఎప్పుడన్నది నేను చెప్పలేను."

కార్లో కూర్చున్నాక రఘుకి మిగతాది చెప్పాను. దమయంతి గారు, రైలు గేటు, గరాజ్ తలుపు. తను తాళం పెట్టి, తిప్పకుండా నా వైపు తిరిగాడు.

"నువ్వు పడుకున్నావని తెలిసీ ఆవిడ నడిపిందా?"

"ఇంకేం చేయగలరు?"

"మాత్ర వేసుకుని కారెక్కడం ఇదొక్కసారేనా? అనికని ఏప్రిల్‌లో రోజూ స్విమ్మింగ్‌కి నువ్వే దింపావు."

ఒక్కసారే అన్నాను. నిజం. కానీ నా మాట నిజమని తనకి తెలిసే దారి లేకుండా చేసుకున్నాను. తల ఊపాడు. ఇంటికొచ్చి తువ్వాళ్ళన్నీ తీసి మడతపెట్టాడు.

మే 11

ఇరవై. మర్నాటికే ఒళ్ళు శుభ్రం. ఈ నెమ్మది చూస్తే భయమేస్తోంది.

క్లాసులు మానేశాను. స్టూడెంట్లందర్నీ క్యారీలో నేర్పే రాధాకృష్ణ గారికి అప్పగించాను. ఎందుకని అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను. దమయంతి గారికి మాత్రం చెప్పనక్కర్లేకపోయింది.

మే 20

పదిహేను. మెడ.

దమయంతి గారు ఫోన్ చేసి, "ఆ రాధాకృష్ణ గారు కేకలేస్తారమ్మా. బ్రేకు అని ఒక్క అరుపు అరిస్తే నా కాలు బిగుసుకుపోతోంది" అన్నారు. అలవాటవుతుందండీ అన్నాను. వచ్చి కూర్చుంటానని అనలేదు. అనాలని ఉంది.

మే 25

పది. నిజంగా పది. పొట్ట, తొడలు, అరచేతులు. కాగితంలో అన్నీ రాశాను, గళ్ళు దాటి పక్కకి కూడా.

మే 31

ఐదు. తువ్వాళ్ళ వెనక చెయ్యి పెట్టి చూశాను. ఏమీ ఉండదని తెలుసు.

జూన్ 3, శుక్రవారం

ఐదు. వ్యాను ఇవాళ గంటన్నర ఆలస్యమట. రామమోహన్ గారికి బెంచీ మీదే కళ్ళు తిరిగాయట. ఎవరో నీళ్ళు ఇచ్చారట. ఫోన్‌లో దమయంతి గారు ఇంతవరకు చెప్పి పెట్టేశారు.

జూన్ 7

రెండున్నర. బిళ్ళ సగానికి విరిస్తే పొడి రాలింది. వేలితో అద్దుకుని నాకాను.

జూన్ 8

పాసయ్యారు.

జూన్ 13, సోమవారం

సున్నా.

జూన్ 15, బుధవారం

మూడో రోజు. కుడి చెయ్యి వాచి గాజు ఎక్కడం లేదు. రఘు, అనిక వెళ్ళిపోయాక బాత్రూమ్ నేల మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాను. నేల చల్లగా ఉన్న చోటికి జరగడం, అది వేడెక్కాక ఇంకో చోటికి జరగడం. ఉదయం నుంచి ఇదే పని. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఏమంటాడో నాకు తెలుసు. మళ్ళీ మొదలుపెట్టమని నేను అడుగుతానేమోనని చేయలేదు.

పదకొండున్నరకి ఫోన్ మోగింది. దమయంతి గారు.

"టీచరమ్మా, డయాలిసిస్ సెంటర్ పార్కింగ్‌లో ఉన్నాను. పక్కన ఎవరో ఇంత పెద్ద ట్రక్కు తెచ్చి పెట్టి పోయాడు. అటువైపు గోడ. మధ్యలో ఇరుక్కుపోయాను. విద్య ఫోన్ ఎత్తడం లేదు."

"అంకుల్ గారు ఎక్కారా?"

"ఎక్కారు. కళ్ళు మూసుకున్నారు."

వెనక నుంచి ఆయన గొంతు, నీరసంగా: "తొందరేం లేదు."

లేచి, నా ఫోన్ స్పీకర్‌లో నేల మీద పెట్టి, గోడకి ఆనుకుని కూర్చున్నాను. "ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టండి. స్టీరింగ్ తిన్నగా ఉందా?"

"ఉంది."

"బ్రేకు మీద కాలు ఉంచి రివర్స్ వేయండి. ఇప్పుడు తల వెనక్కి తిప్పి చూడండి. అద్దంలో కాదు, వెనక్కి. ఎవరైనా ఉన్నారా?"

"ఒకావిడ నడిచిపోతోంది. ఆ, పోయింది."

"బ్రేకు కొంచెం వదలండి. కొంచెమే. తిప్పకండి. మీ అద్దం ట్రక్కు వెనక టైరు దాటేదాకా తిప్పకండి."

"రాసుకుంటుందమ్మా!"

"ఎంత సందుంది?"

"బెత్తెడు."

"బెత్తెడు చాలు. రానివ్వండి."

ఆగారు. మళ్ళీ ఊపిరి తీసుకోవడం వినిపించింది. కారు కదిలిన చప్పుడు నాకు వినిపించదు. అయినా విన్నాను. రామమోహన్ గారు ఏదో అన్నారు, ఆవిడ "మీరు మాట్లాడకండి" అన్నారు. ముందుకు కొంచెం తీసి, మళ్ళీ వెనక్కి. ఒకసారి ఇంజిన్ ఆగిపోయిందని హడలిపోయారు. ఆగలేదు, ఏసీ ఆగింది.

"టైరు దాటింది!"

"ఇప్పుడు తిప్పండి. మొత్తం తిప్పండి."

ఫోన్ మీదికి వంగాను.

"వచ్చేశా! బయటికొచ్చేశా టీచరమ్మా! ఉంటా మరి, మాట్లాడుతూ నడపకూడదన్నావుగా."

పెట్టేశారు. ఫోన్‌లో పదకొండు నిమిషాలు అని చూపిస్తోంది. తువ్వాలు ఎప్పుడు జారిపోయిందో, నేల మీద పడి ఉంది. పదకొండు నిమిషాలూ నా చేతులు రెండూ ముందుకు చాచి, గాలిలో స్టీరింగ్ తిప్పుతూ ఉన్నాయి. ఒక్కసారి కూడా గోక్కోలేదు.

అది గమనించగానే నడుము దగ్గర మొదలైంది.